టేబుల్ టెన్నిస్ మేటి విక్టర్ బార్నా

కంబంలో గానీ, మదురైలో గానీ, కోయంబత్తూరులో గానీ బడి విరామ సమయంలో పిల్లలు రెండు బల్లలను దగ్గరకు జరిపి, నడుమ పుస్తకాలను వరుసగా నిలబెట్టి, గట్టి అట్టలతో చిన్న బంతిని అటూ ఇటూ కొడుతూ ఆడుకోవడం కద్దు. టేబుల్ టెన్నిస్ అనే గొప్ప ఆట పుట్టిన తీరు కూడా ఇంచుమించు ఇలాంటిదే. సుమారు నూట నలభై ఏండ్ల క్రితం ఇంగ్లండులో చలికాలపు రాత్రులలో భోజనాలు ముగిసిన తరువాత, అదే భోజనపు బల్లమీద పుస్తకాలనే వలగా నిలిపి, పెట్టె మూతలనే బ్యాట్లుగా పట్టుకొని ఈ ఆట ఆడేవారని చెబుతారు. 1900 ప్రాంతంలో తేలికైన సెల్యులాయిడ్ బంతి వాడుకలోకి వచ్చింది. బల్లమీద ఆ బంతి చేసే చప్పుడును బట్టి ఈ ఆటకు పింగ్‌పాంగ్ అనే ముద్దుపేరు కూడా కలిగింది.

వినోదం కోసం పుట్టిన ఈ ఆటను ఒక కళగా తీర్చిదిద్దిన మహా క్రీడాకారులలో అగ్రగణ్యుడు విక్టర్ బార్నా. ప్రపంచ పోటీలలో ఆయన గెలిచిన బిరుదులు 22. పురుషుల సింగిల్స్‌లో ఆయన అయిదుసార్లు ప్రపంచ విజేతగా నిలిచాడు. ఎందరో మేటి ఆటగాళ్ళు పుట్టినా, సింగిల్స్‌లో ఆ అయిదు విజయాల సంఖ్యను ఇంతవరకు ఏ పురుషుడూ దాటలేదు. అయితే బార్నా గొప్పతనం ఈ అంకెలలో మాత్రమే లేదు. గెలుపు శిఖరం మీద ఉన్నప్పుడు కలిగిన ఆపదను ఆయన ఎలా ఎదుర్కొన్నాడో తెలుసుకొన్నప్పుడే ఆ గొప్పతనం అర్థమవుతుంది.

బార్నా 1911వ సంవత్సరం ఆగస్టు 24వ తేదీన హంగేరీ దేశ రాజధాని బుడాపెస్టు నగరంలో జన్మించాడు. ఆయనది యూదుల కుటుంబం. తల్లిదండ్రులు పెట్టిన పేరు గ్యోజో బ్రౌన్. హంగేరీ భాషలో గ్యోజో అంటే విజేత అని అర్థం. విక్టర్ అన్న మాటకూ అదే అర్థం. పేరుకు తగినట్లే ఆ బాలుడు పెరిగి పెద్దవాడై విజేత అయ్యాడు. కానీ పుట్టినప్పటి పేరుతో కాదు.

ఆ రోజులలో హంగేరీలో యూదులపై ద్వేషం ప్రబలింది. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశం ఓడిపోయింది. తన భూభాగంలో చాలా భాగాన్ని పోగొట్టుకొంది. ఆ కష్టాలకు కారకులు యూదులేనని కొందరు నిందలు వేశారు. విశ్వవిద్యాలయాలలో యూదు విద్యార్థుల సంఖ్యను పరిమితం చేస్తూ 1920లో ఒక చట్టం కూడా వచ్చింది. బ్రౌన్ అన్న ఇంటిపేరు వినగానే అతడు యూదుడని తెలిసిపోయే పరిస్థితి. అందువల్ల ఆ యువకుడు తన పేరును విక్టర్ బార్నాగా మార్చుకొన్నాడు. కన్నవారు పెట్టిన పేరును వదులుకోవలసి రావడం ఎవరికైనా బాధాకరమే. ఆ బాధను దిగమింగి, కొత్త పేరుకు ఆయన తన ఆటతోనే వన్నె తెచ్చాడు.

బుడాపెస్టులో అప్పుడు టేబుల్ టెన్నిస్ పట్ల యువకులకు ఎంతో మక్కువ. ఈ ఆటకు పెద్ద మైదానం అక్కరలేదు. ఎండావానల బెడద లేదు. 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు గల బల్ల ఒకటి ఉంటే చాలు. దాని నడుమ ఒక వల కడతారు. విక్టర్‌కు ఇద్దరు ప్రాణమిత్రులు దొరికారు. ఒకడు లాస్లో బెల్లాక్. రెండవవాడు మిక్లోష్ సబదోష్. ముగ్గురూ ఇంచుమించు ఒకే ఈడువారు. బెల్లాక్ చమత్కారి. బల్ల దగ్గర అతడు చేసే విన్యాసాలకు ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వేవారు. సబదోష్ దూకుడుగా ఆడేవాడు. బార్నా నిదానస్తుడు. ముగ్గురి స్వభావాలు వేరైనా ముగ్గురినీ కలిపింది ఆట. ఒకరి ఎత్తులను మరొకరు తెలుసుకొంటూ, ఒకరిని ఓడించడానికి మరొకరు శ్రమిస్తూ ముగ్గురూ కలిసి ఎదిగారు. పదును గల రాళ్ళు ఒకదానితో ఒకటి ఒరసుకొంటేనే కదా నిప్పురవ్వ పుట్టేది!

1926లో అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య ఏర్పడింది. దానిని స్థాపించిన దేశాలలో మన భారతదేశం కూడా ఒకటి కావడం మనకు గర్వకారణం. ఆ సమాఖ్యను నడిపించినవాడు ఇంగ్లండుకు చెందిన ఐవర్ మాంటేగు. ఆయన తల్లి స్వేత్‌లింగ్ ప్రభ్వి పురుషుల జట్ల పోటీకి ఒక కప్పును బహూకరించింది. అదే స్వేత్‌లింగ్ కప్పు. 1926 డిసెంబరులో లండన్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలలో సింగిల్స్ విజేత హంగేరీకి చెందిన రోలాండ్ యాకోబి. మహిళలలో విజేత అదే దేశానికి చెందిన మరియా మెద్న్యాన్‌స్కీ. మొదటి అయిదు పోటీలలోనూ స్వేత్‌లింగ్ కప్పు హంగేరీకే దక్కింది. అలాంటి దేశంలో జట్టులో చోటు సంపాదించడమే కష్టం. ఇంట గెలిచి రచ్చ గెలవాలని మన సామెత. బార్నా మొదట గెలవవలసినది తన ఊరిలోని హేమాహేమీలనే.

1929లో ప్రపంచ పోటీలు బుడాపెస్టులోనే జరిగాయి. అప్పటికి బార్నాకు 17 ఏండ్లు. ఆ పోటీలలో ఆయన సబదోష్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు. గెలిచిన హంగేరీ జట్టులోనూ ఉన్నాడు. ఆ ఏడు సింగిల్స్ మాత్రం ఇంగ్లండు ఆటగాడు ఫ్రెడ్ పెర్రీకి దక్కింది. పెర్రీ ఆ తరువాత ఈ ఆటను వదలి టెన్నిస్‌కు మారి, 1934 నుండి వరుసగా మూడు సంవత్సరాలు వింబుల్డన్ విజేతగా వెలుగొందాడు.

మరుసటి సంవత్సరం బెర్లిన్‌లో జరిగిన పోటీలలో సింగిల్స్ తుది ఆటకు చేరినవారు ఇద్దరూ మిత్రులే. ఒకరు బార్నా, మరొకరు బెల్లాక్. బార్నా గెలిచి 18 ఏండ్ల ప్రాయంలోనే ప్రపంచ విజేత అయ్యాడు. 1931లో పోటీలు తిరిగి బుడాపెస్టుకు వచ్చాయి. సొంత ఊరిలో, సొంత ప్రజల ఎదుట తన బిరుదును నిలబెట్టుకోవాలని బార్నా ఆశించాడు. కానీ తుది ఆటలో సబదోష్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఓటమి వల్ల ఇద్దరి స్నేహం చెడలేదు. అవే పోటీలలో ఇద్దరూ జంటగా నిలబడి డబుల్స్ గెలిచారు. బల్లకు ఎదురెదురుగా నిలిచినప్పుడు ప్రత్యర్థులు, ఒకే వైపు నిలిచినప్పుడు అన్నదమ్ములు. క్రీడాస్ఫూర్తి అంటే ఇదే.

ఓటమి నుండి బార్నా పాఠం నేర్చుకొన్నాడు. 1932లో ప్రాగ్ నగరంలో సబదోష్‌ను ఓడించి బిరుదును తిరిగి పొందాడు. అక్కడి నుండి వరుసగా నాలుగు పోటీలలో సింగిల్స్ ఆయనదే. మరుసటి సంవత్సరం ఆస్ట్రియాలోని బాడెన్ పట్టణంలోను, ఆ తరువాత పారిస్‌లోను ఆయనే విజేత. 1935లో లండన్ పోటీలు ఆయన జీవితంలో మధ్యాహ్న సూర్యుని వంటివి. అక్కడ ఆయన సింగిల్స్ గెలిచాడు. సబదోష్‌తో పురుషుల డబుల్స్ గెలిచాడు. అన్నా షిపోష్ అనే క్రీడాకారిణితో మిశ్రమ డబుల్స్ గెలిచాడు. జట్టుతో స్వేత్‌లింగ్ కప్పు గెలిచాడు. ఒకే చోట, ఒకే పోటీలలో నాలుగు బిరుదులు! 23 ఏండ్లు నిండి ఏడాది గడవక ముందే ఆయన ఖాతాలో 20 ప్రపంచ బిరుదులు చేరాయి.

ఇన్ని విజయాలకు కారణమైన ఆయన ఆట ఎలాంటిది? ఆనాటి బ్యాటు నేటి బ్యాటు వంటిది కాదు. చెక్కమీద చిన్నచిన్న బొడిపెలు గల పలుచని రబ్బరు మాత్రమే ఉండేది. స్పాంజి ఉండేది కాదు. దానితో బంతికి ఎక్కువ వేగమూ, ఎక్కువ తిరుగుడూ కలిగించడం కష్టం. అందుచేత చాలామంది ఓపికతో బంతిని తిప్పి పంపుతూ, ఎదుటివాడు తప్పు చేసేదాకా వేచి ఉండేవారు. బార్నా అలా వేచి ఉండేవాడు కాదు. చేతి వెనుక భాగం ఎదుటివానివైపు ఉండేలా బ్యాటును తిప్పి కొట్టే దెబ్బను బ్యాక్‌హ్యాండ్ అంటారు. సాధారణంగా ఆటగాళ్ళు ఆ వైపు వచ్చిన బంతిని ఆపుకొంటే చాలనుకొనేవారు. బార్నా ఆ బలహీనమైన వైపునే బలమైన ఆయుధంగా మార్చుకొన్నాడు. మణికట్టును మెరుపులా విదిలించి ఆయన కొట్టే బ్యాక్‌హ్యాండ్ దెబ్బ ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ దెబ్బకు ఆయన పేరే పెట్టారు.

ఆ దెబ్బకు మూలాధారం ఆయన కుడిచేయి. ఆ చేతికే ఆపద వచ్చింది.

లండన్ విజయోత్సాహం చల్లారక ముందే, 1935 మే నెలలో బార్నా ఒక కారు ప్రమాదానికి గురయ్యాడు. ప్రాణం దక్కింది కానీ కుడిచేయి ఎముక విరిగింది. వైద్యులు శస్త్రచికిత్స చేసి, విరిగిన ఎముకకు ఆసరాగా చేతిలో లోహపు ముక్కను అమర్చారు. గాయం మానింది. కానీ చేతికి మునుపటి సత్తువ రాలేదు. వీణ విద్వాంసునికి వేళ్ళు ఎలాంటివో, టేబుల్ టెన్నిస్ ఆటగానికి మణికట్టు, ముంజేయి అలాంటివి. రెప్పపాటులో వచ్చే బంతిని రెప్పపాటులో తిప్పికొట్టాలి. అలాంటి ఆటలో లోహపు ముక్కను మోస్తున్న చేతితో నిలబడడం సామాన్యమైన విషయం కాదు.

ఆ తరువాత బార్నా సింగిల్స్‌లో ప్రపంచ విజేత కాలేదు. ఇది సత్యం. ఆయన స్థానంలో మరొకరు ఉంటే ఆటకు స్వస్తి చెప్పి, పాత కీర్తిని తలచుకొంటూ కాలం గడిపేవారు. బార్నా అలా చేయలేదు. ఒకనాడు అందరినీ అవలీలగా ఓడించిన ఆయన, ఇప్పుడు తనకంటె చిన్నవారి చేతిలో ఓడిపోవడానికి సిగ్గుపడలేదు. పూర్వపు బలం లేని చోట అనుభవాన్ని, నేర్పును ఉపయోగించాడు. 1938లో స్వేత్‌లింగ్ కప్పును తిరిగి గెలుచుకొన్న హంగేరీ జట్టులో ఆయన ఉన్నాడు. అది జట్టు పోటీలలో ఆయనకు ఏడవ విజయం. 1939లో ఈజిప్టు రాజధాని కైరోలో రిచర్డ్ బెర్గ్‌మన్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు. అది డబుల్స్‌లో ఎనిమిదవ విజయం. మొత్తం మీద 22వ బిరుదు. ప్రమాదానికి ముందు గెలిచినవి 20, తరువాత గెలిచినవి రెండే. అయినా ఆ రెండింటి విలువ ఆ ఇరవైకి తీసిపోదు.

ఆ డబుల్స్ జంటను గురించి కొంత చెప్పుకోవాలి. బెర్గ్‌మన్ ఆస్ట్రియాలోని వియన్నా నగరవాసి. ఆయనా యూదుడే. 1937లో సింగిల్స్ ప్రపంచ విజేత అయిన యువకుడు. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించుకోగా, అతడు దేశం విడిచి ఇంగ్లండు చేరాడు. బార్నా కూడా స్వదేశంలో ఉండలేకపోయాడు. కొంతకాలం ఫ్రాన్సులో ఉండి, తరువాత ఇంగ్లండుకు చేరుకొన్నాడు. పుట్టిన గడ్డ తమకు చోటు లేకుండా చేసిన ఇద్దరు మనుష్యులు పరాయి దేశంలో ఒకరికొకరు తోడై ప్రపంచ విజేతలైనారు. బార్నా చిన్ననాటి మిత్రులు కూడా చెదిరిపోయారు. సబదోష్ ఆస్ట్రేలియాలోను, బెల్లాక్ అమెరికాలోను స్థిరపడ్డారు. ఒకే నగరంలో, ఒకే బల్ల చుట్టూ పెరిగిన ముగ్గురు మిత్రులు మూడు ఖండాలవారైనారు.

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ప్రపంచ పోటీలు ఆగిపోయాయి. అప్పుడు బార్నా బ్రిటిషు సైన్యంలో చేరాడు. విమానం నుండి గొడుగు సాయంతో దూకే పారాచూటు సైనికుడుగా శిక్షణ పొంది, యుగోస్లావియాలో పోరాడాడు. కుడిచేతిలో లోహపు ముక్క ఉన్నవాడు, ప్రపంచ ప్రసిద్ధుడు, సైన్యంలో చేరకపోతే ఎవరూ తప్పు పట్టేవారు కారు. అయినా అన్యాయాన్ని ఎదిరించే బాధ్యత తనకూ ఉందని ఆయన చేతలతో చాటాడు. 1944లో హంగేరీ నుండి 4 లక్షలకు పైగా యూదులను మృత్యు శిబిరాలకు తరలించారు. వారిలో అధిక సంఖ్యాకులు తిరిగి రాలేదు. ఆయన పుట్టి పెరిగిన సమాజం అలా ఛిన్నాభిన్నమైంది.

యుద్ధానంతరం బార్నా ఇంగ్లండులోనే స్థిరపడి ఆ దేశ పౌరుడైనాడు. ఒక దేశంలో పుట్టి, మరొక దేశంలో ఇల్లు కట్టుకొని, అక్కడి వారితో పాలలో నీళ్ళలా కలిసిపోవడం ఎంత ఓర్పుతో కూడిన పనో మదురై, కంబం, కోయంబత్తూరు సీమల తెలుగు కుటుంబాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. వారి పూర్వులు కూడా శతాబ్దాల క్రితం తెలుగు నేలను వదలివచ్చి ఈ నేలను తమదిగా చేసుకొన్నవారే.

పోటీలు తగ్గించుకొన్న తరువాత కూడా బార్నా ఆటకు దూరం కాలేదు. ఆటసామగ్రి తయారుచేసే డన్‌లప్ సంస్థ తరఫున దేశదేశాలు తిరిగి ప్రదర్శన ఆటలు ఆడాడు. ఆయన పేరుతో వెలువడిన బ్యాట్లు ఎందరో పిల్లలకు మొదటి బ్యాట్లు అయ్యాయి. ఆట నేర్చుకొనేవారి కోసం పుస్తకాలు రాశాడు. ప్రపంచ పోటీలలో ఆడిన పాత క్రీడాకారులందరినీ ఒకచోట చేర్చే స్వేత్‌లింగ్ క్లబ్బు 1967లో ఏర్పడడానికి ఆయనే ప్రధాన కారకుడు. దేశాలు, మతాలు, భాషలు వేరైనా ఒకే ఆట ఆడినవారంతా ఒకే కుటుంబం అన్నది ఆ క్లబ్బు ఆశయం. సొంత దేశం పోగొట్టుకొన్న మనిషికి అలాంటి కుటుంబం విలువ బాగా తెలుసు.

మన దేశంతో కూడా బార్నాకు అనుబంధం ఉంది. ఆయన, ఆయన మిత్రుడు బెల్లాక్ భారతదేశానికి వచ్చి ప్రదర్శన ఆటలు ఆడారు. మన దేశంలో రాష్ట్రాల పురుషుల జట్ల మధ్య జరిగే జాతీయ పోటీలో విజేతకు ఇచ్చే కప్పు పేరు బార్నా-బెల్లాక్ కప్పు. బుడాపెస్టులో చిన్ననాడు కలిసి ఆడుకొన్న ఇద్దరి స్నేహం అలా ఒక కప్పు మీది పేరై మన దేశంలో నిలిచిపోయింది.

1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగాయి. ఆసియా ఖండంలో జరిగిన మొదటి ప్రపంచ పోటీలు అవే. అక్కడ జపాను ఆటగాడు హిరోజి సాటో మందపాటి స్పాంజి అంటించిన బ్యాటుతో చప్పుడు లేకుండా ఆడి అందరినీ దిగ్భ్రాంతులను చేసి విజేత అయ్యాడు. దానితో ఆట స్వరూపమే మారిపోయింది. తరువాత జపానుకు చెందిన ఇచిరో ఒగిమురా, చైనాకు చెందిన రోంగ్ గువోతువాన్, జువాంగ్ జెడోంగ్, మన కాలంలో మా లోంగ్ వంటి మేటి ఆటగాళ్ళు ప్రపంచాన్ని ఏలారు. ఆ రోజులలో ఒక్కొక్క గేము 21 పాయింట్లకు ఉండేది. 2001లో దానిని 11కు తగ్గించారు. బంతి పరిమాణం కూడా మారింది. ఇన్ని మార్పులు వచ్చినా బలహీనమైన వైపును బలంగా మార్చుకోవాలని బార్నా చూపిన దారి మారలేదు.

1972 ఫిబ్రవరిలో బార్నా దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్ళాడు. అక్కడ లీమా నగరంలో గుండెపోటుతో ఆకస్మికంగా మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 60 ఏండ్లు. పుట్టింది బుడాపెస్టులో, స్థిరపడింది లండన్‌లో, కన్నుమూసింది లీమాలో. ఇంగ్లండులో ఆట నిర్వాహకులు ఆయన పేరుతో ఒక పురస్కారాన్ని నెలకొల్పి మేటి క్రీడాకారులకు ఇస్తూ వచ్చారు.

చెన్నైలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టి పెరిగిన ఆచంట శరత్ కమల్ పదిసార్లు జాతీయ విజేత అయ్యాడు. 2006లో మెల్బోర్న్ కామన్‌వెల్త్ క్రీడలలో సింగిల్స్ స్వర్ణం గెలిచాడు. పదహారేండ్ల తరువాత, 2022లో బర్మింగ్‌హామ్‌లో 40 ఏండ్ల వయస్సులో తిరిగి అదే స్వర్ణాన్ని గెలిచాడు. అక్కడే హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజతో కలిసి మిశ్రమ డబుల్స్‌లోనూ స్వర్ణం సాధించాడు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడే పిల్లలకు ఏ రంగమూ అందరానిది కాదని ఈ విజయాలు తెలుపుతున్నాయి.

విక్టర్ బార్నాకు కాలం పేరును మార్చింది, దేశాన్ని మార్చింది, మిత్రులను దూరం చేసింది, గెలిచే చేతిని విరిచింది. ఆయన మాత్రం బ్యాటును కింద పెట్టలేదు. బల్లలు జరిపి, పుస్తకాలు నిలిపి, అట్టముక్కలతో ఆడుకొనే బాలబాలికలు గెలిచిన రోజున బార్నా 22 బిరుదులను తలచుకోవచ్చు. ఓడిన రోజున మాత్రం, విరిగి అతుక్కొన్న చేతితో తిరిగి బల్ల ముందు నిలబడిన బార్నాను తప్పక తలచుకోవాలి.